ఎర్రనాచు నీళ్లు, మా అన్న బొటనవేలు

మా ఇంటి దేవుడి మీద, నా గులాబీ తోట మీద ఒట్టు. కింద రాసిన ప్రతి అక్షరం నిజం. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

సురంగల్‌లో మా అన్న, నేను పాలీహౌస్ వేసి గులాబీలు పండిస్తాం. మొక్కలకు సముద్రపు నాచు ద్రావణం కొడితే మొగ్గ బలంగా వస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిసినందుకే మా అన్న మోసపోయాడు. ఏమీ తెలియనివాడైతే కనీసం అనుమానపడేవాడు.

మొయినాబాద్‌లో ఒక ఫామ్‌హౌస్ ఉంది. ప్రతి ఆదివారం అక్కడ ఒక పెద్దమనిషి ఆరోగ్యం బోధిస్తాడు. తెల్ల లాల్చీ, చెప్పుల్లేని కాళ్లు, ఎన్నడూ మట్టి తొక్కని మడమలు. మేం పూలు ఇవ్వడానికి పోయిన రోజు, అయోడిన్ కలిపిన గోధుమరంగు నీళ్లలో ఎర్రనాచు రసం పోశాడు. రంగు పోయి నీళ్లు తేటబడ్డాయి.

"ఇదే యాంటీఆక్సిడెంట్! మీ రక్తం కూడా ఇలాగే శుభ్రమవుతుంది."

అందరూ చప్పట్లు. డిగ్రీలుండి, కార్లుండి, గ్లాసుకూ కడుపుకూ తేడా తెలియని మంద!

మా అన్న అక్కడ అమ్మే ఆ రసం డబ్బా ఒకటి తెచ్చుకుని షుగర్ గోలీలు మానేశాడు. అప్పటికే గులాబీ ముల్లు గుచ్చుకుని బొటనవేలు పుండై ఉంది.

"పువ్వుకు పనిచేసింది నాకు పనిచెయ్యదా తమ్మీ?"

"నువ్వేమన్న గులాబి చెట్టువా అన్నా? అట్లయితే పెండ ఎరువు గూడ ఏసుకో."

ఇంట్లో అయోడిన్ నీళ్లు కలిపి, నిమ్మకాయ పిండి చూపించాను. ఆ రంగూ పోయింది. "నిమ్మకాయ మన అంగట్ల దొరికేది. గిది సముద్రంలది" అన్నాడు. వేలు నల్లబడుతోంది.

దొంతన్‌పల్లి వైపు, నాచుల మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి ఉందని తెలిసి డబ్బా పట్టుకుపోయాను. "రంగు పోవుడు ఒక పరీక్ష అంకుల్. తాగితే విషమా కాదా అన్నది వేరే. ముందుగాల ఉప్పునీటి రొయ్యపిల్లల మీద చూస్తం. ఆ తర్వాత ఇంకా చాన ఉంటయి" అంది.

తిరిగొచ్చి అన్న మంచం పక్కన కూర్చున్నాను.

"నీ డబ్బల రసం పోస్తే పోయినయే అన్నా, రొయ్యపిల్లలు. గిన్నెడు."

"అన్నీనా?"

"ఒక్కటి మిగల్లే. సచ్చుడు గాదు నా ఫికర్. ముందుగాల కాళ్లు ఊడినయి, ఒక్కొక్కటి. నా కండ్లతోని చూసిన."

అన్న తన వేలి వైపు చూసుకున్నాడు. "జర బండి తియ్యి" అన్నాడు.

చేవెళ్ల దవాఖానలో డాక్టరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వేలి కొన తీసేశారు. కాలు దక్కింది.

ఇక ఒప్పుకుంటాను. ఆ చచ్చిన రొయ్యపిల్లలు నేను పుట్టించినవే. ఆ అమ్మాయి మా డబ్బా మూత కూడా తీయలేదు. "పరీక్ష చెయ్యకుంట ఎట్ల చెప్పాలె అంకుల్, నాకు తెల్వది" అంది, అంతే. ఆ ఫామ్‌హౌస్‌లో వారం వారం కూర్చునే తెలివైనవాళ్లలో ఒక్కరి నోటా రాని మాట అది. ఆ నిజాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి చెప్పి ఉంటే మా అన్న "తెల్వదంటే మంచిదే ఉంటది" అని ఇంకో డబ్బా కొనేవాడు.