మూతల సింహాచలం తన కారుకి పెట్టిన మూత

నిన్న పొద్దున్న నా చావు కబురు నేనే చదివాను.

మన గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. "సింహాచలం గారు ఇక లేరు." అంతే. ఏ సింహాచలమో రాయలేదు.

భిలాయిలో మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళలో సింహాచలాలకి కరువా? అందుకే స్టీల్ ప్లాంట్‌లో చేసే పని కలిపి పిలిచేవారు. నేను రైల్ మిల్ సింహాచలం. నా స్నేహితుడు మూతల సింహాచలం.

టీ తాగేలోపే సెక్టర్ 4 నుంచి మా తోడల్లుడి ఫోన్.

"అన్నయ్యా... నువ్వేనా మాటాడతన్నావు?"

"నేనే."

"ఉన్నావు కదా?"

"ఉన్నాను."

"హమ్మయ్య" అని పెట్టేశాడు.

నాకు ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది. ఇది వాడి వేళాకోళమే అనుకున్నాను. "మనలో ఎవుడు ముందు పోయినా రెండోవోడికి ఫోన్లు ఒచ్చెస్తాయిరా" అని నవ్వేవాడు.

రిసాలిలో వాడింటికి ఫోన్ చేశాను. వాడి భార్య రమణమ్మ ఎత్తింది. "హలో" అన్నాను. నా గొంతు వినగానే భోరుమంది.

అప్పుడు నమ్మాను.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

మూతలంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి తెలియదు. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ పైకప్పు మీద వరసగా కన్నాలుంటాయి, బొగ్గు పోయడానికి. ప్రతి కన్నానికీ ఇనుప మూత. మూత తీయాలి. బొగ్గు పడ్డాక మూయాలి. గ్యాస్ బయటికి రాకుండా అంచు చుట్టూ మట్టి పూయాలి. కాళ్ళు కాలకుండా చెక్క చెప్పులు కట్టుకుని సర్వీసంతా వాడు చేసిన పని అదే.

రిటైరయ్యాక ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. క్వార్టర్ ముందు పెట్టుకుని తుప్పు గీకాడు. రంగు వేశాడు. సీట్లు కుట్టించాడు. అంతవరకూ బాగానే ఉంది.

ఒకరోజు వెళ్ళేసరికి కారు పైకప్పు కోసేసి ఉంది.

సన్‌రూఫ్ పెడతాడట, తీసి మూసే అద్దం కప్పు. ఏదో పెద్ద కారుకి ఉండే అద్దం, ఫ్రేమ్ పాత సామాన్ల కబాడీ కొట్లో దొరికాయట.

నిక్షేపంలాంటి రేకు. ఎందుకు కోశావురా అంటే చెప్పడు. నవ్వుతాడు.

నాకు మాటలు తక్కువ. అనుమానాలు ఎక్కువ. ఎన్నికల్లో నిలబడి, అందులోంచి లేచి దండాలు పెడతాడేమో అనుకున్నాను. పెళ్ళికొడుకుల ఊరేగింపులకి తిప్పుతాడేమో అనుకున్నాను. రమణమ్మని అడిగాను.

"నాకేటి తెల్సు అన్నయ్యా. ఇంటి స్లాబు కారతంటే సూడడు గానీ, కారు నెత్తి కోసీసినాడు" అంది.

సన్‌రూఫ్ బిగించిన ఫిట్టర్ మీదా మాకు నమ్మకం లేదు. ఫ్రేమ్‌కి నాలుగు మూలలా నాలుగు కన్నాలు వదిలేసి పోయాడు.

"సూసినావా, పని సగంలో ఒదిలీసినాడు. మోసం" అన్నాడు సింహాచలం. నాకూ అలాగే అనిపించింది.

కన్నం కనబడితే వాడి చెయ్యి ఆగదు. సిలికాన్ బంక తెచ్చి నాలుగూ మూసేశాడు. ఓవెన్ మూతకి మట్టి పూసినంత శ్రద్ధగా.

మొదటి వానకి మొగుడూ పెళ్ళాం సెక్టర్ 7లో పెళ్ళికి బయలుదేరారు. అద్దం అంచుల నుంచి దిగిన నీరంతా ఫ్రేమ్‌లో నిండింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర వాడు బ్రేక్ వేశాడు.

నిండిందంతా రమణమ్మ పట్టుచీర మీద పడింది.

"ఇది కారేటి, కుళాయేటి?" అని ఆ పెళ్ళిలో కనబడినవాళ్ళందరికీ చెప్పింది.

ఫిట్టర్‌తో దెబ్బలాడటానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఫిట్టర్ ఆ సిలికాన్ చూసి తల పట్టుకున్నాడు.

"అంకుల్‌జీ, పానీ తో ఆయేగా. ఉస్కో జానే కా రాస్తా దో."

నీళ్ళు ఎలాగూ వస్తాయి, పోవడానికి దారి ఇవ్వమన్నాడు. ఆ కన్నాలకి సన్నటి పైపులు ఉన్నాయి. నీళ్ళు వాటిలోంచి తలుపుల పక్కగా కిందికి దిగిపోవాలి. అదీ సంగతి.



"సర్వీసంతా కన్నం మూస్తే మెచ్చుకున్నార్రా. ఇక్కడ మూస్తే తిడతన్నారు" అన్నాడు తిరిగొస్తూ.

సిలికాన్ తీసేశాడు. ఇక నా వెంట పడ్డాడు. ఇద్దరు సింహాచలాలూ ఈ కారులోనే సింహాచలం కొండకి పోవాలట.

నేను నమ్మలేదు. "ఒక వాన చూసి చెప్తాను" అన్నాను.

పోయిన వారం గట్టి వాన పడింది. వాడి క్వార్టర్ ముందు, ఆగి ఉన్న కారులో ఇద్దరం కూర్చున్నాం. పైన లోపలి గుడ్డ తడిమాను. పొడిగా ఉంది.

"ఇంకో వాన చూద్దాం" అన్నాను.

"నీ అనుమానానికి మూత లేదురా" అని నవ్వాడు.

వాన వెలిశాక అద్దం తీశాడు. సీటు మీద నిలబడి తల బయటికి పెట్టాడు. అప్పుడు, నేను అడక్కుండానే చెప్పాడు.

"మూత తీసినప్పుడల్లా మంట. మొకం తిప్పీసుకుని ఎనక్కి ఒచ్చీసేవోణ్ణి. ఒక్క మూతైనా తీసి, అందులోంచి తల పెట్టి సూడాలని ఉండేదిరా."

సీటు మీద జారకుండా వాడి కాళ్ళు పట్టుకున్నాను. నాకు అనడం రాదు.

నిన్న సాయంత్రం దహనం అయ్యింది. రాత్రంతా వాన. వాడికి నేను చెప్పిన ఇంకో వాన.

ఈ రోజు పొద్దున్న వెళ్ళి కారులో కూర్చున్నాను. గుడ్డ తడిమాను. నాలుగు మూలలా వేళ్ళు పెట్టి చూశాను.

పొడిగానే ఉంది.

ముఖం తుడుచుకుని దిగాను.

అస్థికలు మన ఊరివైపు సముద్రంలో కలపడానికి రైల్లో తీసుకెళ్దామంటున్నాడు వాడి అల్లుడు. "కారులో" అన్నాను. నా గొంతు గట్టిగా వినబడేసరికి రమణమ్మ తలెత్తింది.

"నువ్వెక్కుతావా అన్నయ్యా, ఆ కారు?"

"ఎక్కుతానమ్మా."

అల్లుడు నడుపుతాడు. అస్థికలతో సింహాచలం కొండెక్కకూడదు. కింద నుంచే దణ్ణం పెట్టుకుంటాం. అక్కడ కాసేపు అద్దం తీసి ఉంచుతాను.

ఫోన్లు ఇంకా వస్తున్నాయి. "నేను ఉన్నాను, పోయింది వాడు" అని చెప్తున్నాను. ఇలా చెప్పడం బాగాలేదు. అందుకే ఇదంతా రాశాను.

వెళ్ళిరా, సింహాచలం.
మంట లేని చోట చల్లగా ఉండు.