మంగ్లు ఆపిన రైలు

మా మంగ్లు ఒక్క కేకతో కిరండోల్ పాసింజరును ఆపేశాడు. అబద్ధమైతే నా మీసం తీయిస్తాను.

మంగ్లు సిల్వరోక్ చెట్టంత ఉంటాడు. వాళ్లన్న సర్వేశ్వరరావు ఊరగాయ జాడీ అంత. మంగ్లుకి మాటలు రాకముందే మేనత్త ఆ అన్నని విజయనగరం తీసుకుపోయి పెంచింది. పాతికేళ్లకి తమ్ముణ్ణి చూద్దామని, మొహానికి పౌడరు రాసుకుని అరకు సంతలో దిగాడు. అన్న తనింట్లో ఓ ముద్ద తింటే చాలని మంగ్లు కోడికూర వండించాడు. దూరాన అన్న కనబడగానే సంతంతా వినబడేలా "దాదా" అని పిలిచాడు. బేరాలాడుకునే వాళ్లంతా తిరిగి చూశారు.

మా కొండల్లో దాదా అంటే అన్న. విజయనగరంలో రౌడీ.

"నలుగురిలో నన్ను రౌడీ అంటావేట్రా? ఆఫీసులో ప్యూనుని చూస్తేనే నాకు దడ" అని సర్వేశ్వరరావు అలిగి తిరుగు రైలెక్కేశాడు. రైలు కదిలింది. మంగ్లు పక్కనే పరిగెడుతూ, "కోడికూర సల్లారిపోతాది, దాదా" అని కేకేశాడు. ఆ కేకకి ఇంజను వణికి నిలబడిపోయింది. డ్రైవరు దిగి మంగ్లుకి దండం పెట్టాడు.

మంగ్లుని అడిగితే మాత్రం ఇలా అంటాడు: "రైలు ఆగనేదు. దాదాయే దూకీసినాడు. కాలు బెణికింది."