పరుపుల బండిలో కాపురం

మా పెద్దనాయన పోయాడని కోసిగి దగ్గరి ఒక పల్లె నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. మధ్యాహ్నం అన్నం తిని బండిలోనే పడుకున్నాడట, మళ్లీ లేవలేదు. ఆదోనిలో బస్సెక్కిన నాకు ఏడుపు రాలేదు, నీరసం వచ్చింది. ఆయనను ఎక్కడ మట్టి చేయాలి? బతుకంతా ఊళ్లు తిరిగిన మనిషికి తనదని చెప్పుకోవడానికి ఒక్క ఊరూ లేదు.

మేం దూదేకులవాళ్లం. మా తాత విల్లు భుజాన వేసుకుని, ఎద్దులబండిలో పెళ్లాంబిడ్డలతో తిరుగుతూ దూది ఏకేవాడు. రాత్రికి అందరూ బండి కిందే. పెద్దనాయన కాలానికి పాత వ్యాను వచ్చింది. వెనక ఏకే మిషను, పక్కన పడుకునే బల్ల, దాని కింద స్టవ్వూ బియ్యం డబ్బా. అదే ఇల్లు.

"మా నాయన ఎద్దుల్ని సాకినాడు, ఎద్దులు ఆయప్పను సాకినాయి. దీన్ని నేను సాకాల్సిందే గాని, ఇది నన్ను సాకేది లేదు" అనేవాడు డీజిలు పోయించినప్పుడల్లా.

నిజమే. ఎమ్మిగనూరులో రెండు గదులు వేసుకుందామని కూడబెట్టినప్పుడల్లా ఆ డబ్బును ఇంజనో టైర్లో మింగేసేవి. ఒకసారి అక్కడ ఇళ్ల స్థలాలు ఇస్తున్నారు, మనిషి ఎదురుగా ఉండాలని కబురు పెట్టాం. ఆయన రాలేదు. గూడూరు దగ్గర ఒక పెండ్లి పరుపు విప్పి కూర్చున్నాడు. పెండ్లిపిల్ల పరుపు విప్పితే కుట్టేదాకా ఊరు దాటకూడదని మావాళ్ల పట్టు. తీరా వచ్చేసరికి స్థలాలు అయిపోయాయి.

"ఆ పిల్ల నేల మీద పండుకుంటే నాకు నిద్ర పడతాదా?" అన్నాడు.

"పెండ్లయిన కాడ్నుంచి నేను ఈ బల్ల మీద పండుకుంటాండా. నీకు బాగానే పడతాంది కదా" అంది పెద్దమ్మ.

నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది.

వాళ్ల కొడుకు ఈ బండి వద్దన్నాడు. ఫోమ్ పరుపుల కాలంలో ఏకేవాడిని ఎవరు పిలుస్తారు? బెంగళూరులో అద్దె కారు నడుపుతాడు. గది తీసుకునే స్తోమత లేక ఆ కారులోనే పడుకుంటాడు. అది విని పెద్దనాయన, "మా నాయన బండి కింద, నేను బండి లోపల, వీడు సీటు మీద. మన వంశం పైకే పోతాందమ్మీ" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను పల్లె చేరేసరికి ఊరివాళ్లే ఖబరస్తాన్‌లో గుంత తవ్వుతున్నారు. "మా ఇండ్లల్లో పరుపులన్నీ ఆయప్ప ఏకినవే. ఇంగ యాడికి తీసకపోతారు?" అన్నాడు ఒక ముసలాయన. అప్పుడు ఏడ్చాను.

మట్టి అయిపోయాక, "ఆదోనికి పోదాం రా పెద్దమ్మా, మా ఇంట్లో ఉందువు" అన్నాను.

"భర్త పోయిన ఆడది ఆయన ఉన్న ఇంట్లోనే కదమ్మీ ఇద్దత్ కూర్చునేది? నెలల తరబడి గడప దాటకూడదు. మరి నా ఇల్లు ఈ బండే."

"అది అయినాంక?"

"అయినాంక గూడా ఇదే. ఆయన ఈ ఊర్లో ఉండాడు. నేను తిరిగింది సాలు." బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు వైపు చూసింది. "రేయ్, సక్రాలు ఇప్పు."

వాడు జాకీ పెట్టి, బండి కింద రాళ్లు పేర్చి, చక్రాలను ఒక్కొక్కటే దొర్లించుకుంటూ పోయి ఖబరస్తాన్ గోడకు ఆనించాడు.