మెరుగు పెట్టిన ట్యాంకు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికంటే ఎత్తున ఉండేది మా తాతయ్య ఫోటో. మనిషి పోయినా మేం ఆయన్ని తలెత్తే చూడాలని నాయనమ్మ శాసనం. అందుకని మేకు దాదాపు పైకప్పుకు ఆనించి కొట్టారు. ఫోటోలో తాతయ్య మిలటరీ దుస్తుల్లో, ఒక యుద్ధ ట్యాంకు పక్కన, దాని ఉక్కు ఒంటి మీద ఎడమ చెయ్యి ఆనించి గడకర్రలా నిలబడి ఉంటారు. నడుము వరకే కనిపిస్తారు గానీ, ఆ నడుము పైన ఉన్న వీపు చూస్తే చాలు, ఎవరి వంశమో తెలిసిపోతుంది. దివిసీమలో మా పొలాలూ, రెండు గేట్ల ఇల్లూ ఒక్కొక్కటే చేతులు మారి, బందరులో రెండు గదుల అద్దె వాటాలోకి వచ్చిపడ్డాక మాకు మిగిలింది ఆ ఫోటో, ఆ వీపు. వీపును నేను వారసత్వంగా పుచ్చుకున్నాను. బస్సులో సీటుకు ఆనుకునేవాణ్ణి కాను. చదువు అయ్యాక ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో పనికి కుదిరినప్పుడు కూడా కంప్యూటరు ముందు సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చునేవాణ్ణి. "ఏమయ్యా జమీందారూ, మౌసు కింద ఉంది, అందుతుందా?" అనేవాడు మా ఓనరు.

ఒకరోజు ఆ షాపుకు గుడివాడ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. అక్కడి కల్యాణ మండపంలో మాజీ సైనికుల కుటుంబాలకు సన్మానమట, వేదిక మీదకు పెద్ద ఫ్లెక్సీ కావాలట. నేను ఫ్లెక్సీ సంగతి పక్కన పెట్టి మా తాతయ్య సంగతి చెప్పాను. వాళ్లు సంతోషించి, ఆయన ఫోటో కూడా ఫ్లెక్సీలో వేసెయ్యమన్నారు. సభలో బల్ల మీద పెట్టడానికి పతకమో, టోపీయో, ఏదో ఒక గుర్తు తెమ్మన్నారు. మా దగ్గర పతకాలు లేవు. (ఉప్పెనలో కొట్టుకుపోయాయని ఇంట్లో అనేవారు. మా ఇంట్లో కనపడనివన్నీ ఉప్పెనలోనే పోయాయి.) ఓనరు ఇదంతా విని పళ్లు కుట్టుకుంటూ అడిగాడు. "మీ తాత నిజంగా ట్యాంకు నడిపాడా, పక్కన నిలబడి ఫోటో దిగాడా? మా బావమరిది విమానం పక్కన దిగాడు. పైలట్ అయిపోయాడా?"

నేను నిర్ఘాంతపోయాను. మా వంశంలో ఎవర్నీ ఎవరూ అంత మాట అనలేదు. ఆ కోపంలో రెండు పనులు చేశాను. తాతయ్య ఫోటో కింద "శత్రు ట్యాంకులను తుత్తునియలు చేసిన ట్యాంకు వీరుడు" అని బంగారు రంగు అక్షరాలతో కొట్టి పది అడుగుల ఫ్లెక్సీకి పంపేశాను. రెండోది, ఆ ట్యాంకును బొమ్మగా కట్టి అదే బల్ల మీద పెడతానని ఓనరు ముందే ప్రతిజ్ఞ చేశాను. సభకు ఇంకా మూడు నెలలుంది.

అప్పుడే ఫోన్లో డేటా చవకైంది. ముప్పై అయిదో వంతు కొలతలో ట్యాంకులు కట్టే విదేశీయుల వీడియోలు చూసి చూసి నాకు జ్ఞానోదయమైంది. వాళ్లు వాడే ప్లాస్టిక్ కిట్లు మా ఊళ్లో దొరకవు. మా ఊళ్లో దొరికేది గిల్టు. పక్క వాటాలో చిలకలపూడి గిల్టు నగల పనివాడు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని గిల్టు మావయ్య అనేవాళ్లం. (చుట్టం కాదు. బందరులో మావయ్య అనడానికి చుట్టరికం అక్కర్లేదు.) ముప్పై ఏళ్లుగా ఇత్తడి నగలకు బంగారం మెరుగు పెడుతున్న మనిషి. నేను గీసుకెళ్లిన ట్యాంకు కొలతల కాగితాలు చూసి, "యుద్ధానికి ఎళ్లేదా ఇది? మా దగ్గర పెళ్లికి ఎళ్లే సామానే ఉంది అల్లుడూ" అంటూనే ఇత్తడి రేకు ముక్కలు తెచ్చి ముందు పోశాడు.

అలా మా తాతయ్య ట్యాంకు ఆడవాళ్ల నగలతో తయారైంది. చక్రాలు చెవి కమ్మల బిళ్లలు. ఫిరంగి గొట్టం నల్లపూసల దండలో వేసే గొట్టం. ఉక్కు రేకుల మీద వరసగా కనిపించే రివెట్లు మంగళసూత్రాల పక్కన గుచ్చే చిన్న గుండ్లు. చక్రాల చుట్టూ తిరిగే పట్టా కోసం రెండు పేటల గొలుసు సరిగ్గా సరిపోయింది. నేను కొలిచి కత్తిరించేవాణ్ణి. మావయ్య వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంట ఊది అతికేవాడు. జానెడు పొడవున ఇత్తడి ట్యాంకు పచ్చగా మెరుస్తూ నిలబడిన రోజున ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "అబ్బ, అమ్మాయి మెళ్లో వేసినా బాగుంటది" అన్నాడు.

కానీ యుద్ధం చేసిన ట్యాంకు మెరవకూడదు. రంగు చెక్కుకుపోవాలి, తుప్పు పట్టాలి, బురద కొట్టుకోవాలి. అసలు పనితనమంతా అక్కడేనని వీడియోల్లో గురువులు ఘోషించారు. నేను గది తలుపు వేసుకున్నాను. పూర్తయ్యేదాకా ఎవరూ చూడకూడదన్నాను, అమ్మకు కూడా ప్రవేశం లేదన్నాను. ముందు ముదురాకుపచ్చ రంగు. తర్వాత గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో అంచుల్లో నల్లరంగు అద్ది చెక్కుడు గీతలు. తుప్పు కోసం పెడన వెళ్లాను. అక్కడ కలంకారీ పనివాళ్లు నల్లరంగు తీయడానికి పాత ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడతారు. ఆ కుండ అడుగున మిగిలే మడ్డి ఒక సీసాడు తెచ్చుకున్నాను. దాన్ని సన్న కుంచెతో అతుకుల్లో జారనిస్తే, దేవుడి సాక్షిగా, అది నిజమైన తుప్పే. ఇక బురద. ఏదో ఒక బురద పూయడానికి మనసొప్పలేదు. ఆదివారం బస్సెక్కి ఘంటసాల అవతల ఒకప్పుడు మాదైన పొలం గట్టుకు వెళ్లి సంచిలో నల్లమట్టి ఎత్తుతుంటే ఇప్పటి రైతు వచ్చాడు.

"ఎవరు బాబూ? ఏం తవ్వుతున్నావు?"

నేను ఇంటిపేరు చెప్పాను, వీపు సర్దుకుని.

"అదా," అని ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పొలం మొత్తం పోయాక సంచెడు మట్టి కోసం వచ్చావా? పట్టుకెళ్లు బాబూ, పట్టుకెళ్లు. ఇంకో సంచి ఉందా?"

ఆ మట్టిని జల్లించి, జిగురులో కలిపి, కొంచెం గడ్డి పొడి చల్లి చక్రాలకు పూశాను. రోజూ గంటలకొద్దీ వంగి పూయడంతో నా వంశపారంపర్య వీపుకు ప్రాణం పోయింది. అయినా పూశాను. సభకు రెండు రోజుల ముందు చూస్తే బల్ల మీద ఉన్నది బొమ్మ కాదు, యుద్ధం నుంచి ఇప్పుడే తిరిగొచ్చిన ట్యాంకు. నా కళ్లు చెమర్చాయి. మర్నాడు ఫ్లెక్సీ కట్టించడానికి గుడివాడ వెళ్తూ తొందరలో గది తాళం వేయడం మరిచిపోయాను. తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది, ముందు గదిలోనే పడి నిద్రపోయాను.

సభ రోజు పొద్దున్నే అమ్మ అట్టపెట్టెను పురికొసతో కట్టి సిద్ధంగా ఉంచింది. "నేనే సర్దాను నాన్నా, గుడ్డలు కుక్కి. దారిలో విప్పకు." గిల్టు మావయ్య తెల్లచొక్కా తొడుక్కుని నాతో బయల్దేరాడు. బస్సులో పెట్టె నా ఒళ్లోనే ఉంది. మావయ్య మాటిమాటికీ దాన్ని తట్టి, "చూసినోళ్లకి కళ్లు చెదురుతాయి అల్లుడూ" అంటూ ముసిముసిగా నవ్వుతుంటే, ఆయన ఇంకా నా తుప్పు పనితనం చూడలేదు పాపం, చూశాక ఏమంటాడో అని జాలిపడ్డాను.

మండపంలో వేదిక మీద పది అడుగుల తాతయ్య. కింద బల్ల మీద పతకాలు, టోపీలు, ఒక తుపాకీ తూటాల పెట్టె. ముందు వరసలో ముఖ్య అతిథి, ఎనభై దాటిన రిటైర్డు సుబేదారుగారు. నేను పెట్టె బల్ల మీద పెట్టి, అందరూ చూసేలా కొస కత్తిరించి, గుడ్డలు లాగాను.

లోపల బంగారు ట్యాంకు ఉంది.

ముదురాకుపచ్చ లేదు, తుప్పు లేదు, దివిసీమ బురద రవ్వంత లేదు. పట్టా, చక్రాలు, ఫిరంగి, ఒక్కో రివెట్టు ధగధగా మెరిసిపోతున్నాయి. లైట్ల వెలుగు దాని మీద పడి నా మొహాన కొట్టింది. మావయ్య నా చెవిలో ఊదాడు. "నిన్న మీ అమ్మ ఏడుపు మొహంతో పట్టుకొచ్చింది. అన్నయ్యా, రాత్రికి రాత్రి తుప్పు పట్టింది, పిల్లాడి పరువు పోద్దని. నాకు గుండె ఆగిపోయింది అల్లుడూ! ముప్పై ఏళ్లలో ఇత్తడికి తుప్పు పట్టడం నేను చూళ్లా. నేనిచ్చిన రేకు కల్తీదనుకోరూ? కాస్టిక్ సోడాలో మరగబెట్టి, తోమి, మెరుగు పెట్టా. అయిదేళ్ల గ్యారెంటీ!"

"మావయ్యా..." అన్నాను. మూడు నెలల పనికి ఆ ఒక్క మాటే వచ్చింది. (మా ఊరి ఉప్పుగాలికి ప్రతి నగా నల్లబడుతుంది, ప్రతి ఆడమనిషీ దాన్ని మెరుగుకు పట్టుకెళ్తుంది. తుప్పును సీసాలో తెచ్చి పూసుకునే మనిషి ఉంటాడని వాళ్లిద్దరూ ఎలా ఊహిస్తారు? ఇది నాకు తట్టడానికి సంవత్సరం పట్టింది.) ఈలోగా ఒక పెద్దావిడ బల్ల దగ్గరికొచ్చి చెంపలు వేసుకుని, "మోపిదేవి స్వామికి మొక్కుబడా బాబూ?" అంది. వెనకాల ఎవరో నవ్వారు. చూస్తే, ఫ్లెక్సీ బాకీ వసూలుకు వచ్చిన మా ఓనరు.

అప్పుడు సుబేదారుగారు లేచారు. కర్ర సాయంతో వచ్చి ట్యాంకు మీదకు వంగి, వేలితో చక్రం కింద తడిమి, వేలు చూసుకున్నారు. మరక లేదు.

"ఇదే. పరేడ్ రోజున మా బండి అచ్చం ఇట్టాగే ఉండేది. ఎవరు చేశారిది?"

"నేనేనండీ. మా తాతయ్య నడిపిన ట్యాంకండీ," అని ఫ్లెక్సీ చూపించాను.

ఆయన ఫ్లెక్సీ వంక చూశారు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. "నువ్వు ఆయన మనవడివా! నడపడమేంటి బాబూ? ఆ బండి నడిపింది నేను. మీ తాత కడిగేవాడు."

"కడిగి...?"

"బక్కెట్టు, గుడ్డ. ఆయన చెయ్యి పడితే ఉక్కు అద్దమైపోవాలి. బూట్లు తుడుచుకోకుండా ఆఫీసర్ని కూడా బండెక్కనిచ్చేవాడు కాదు. ఓసారి పట్టాలో బురద తీస్తూ గోటితో పగులు పట్టుకున్నాడు. నేను నవ్వాను. బండి ఆపి చూస్తే నిజమే. ఆ పట్టా నది దాటేటప్పుడు తెగి ఉంటే ఇవాళ నేను ఈ దండ వేయించుకునేవాణ్ణి కాదు." ఆగి, ఫోటో వైపు చెయ్యి చూపించి మురిసిపోయారు. "ఆ ఫోటో రోజు నాకు గుర్తుంది. నడుం పట్టేసింది ఆయనకి. మూడు రోజులు వంగలేకపోయాడు. అందుకే అట్టా కర్రలా నిలబడ్డాడు, పాపం!"

ఉన్న ఆస్తి కళ్ల ముందే వేలం పోతున్నట్టుంది నాకు. పొలాలు పోయినప్పుడు నేను పుట్టలేదు. వీపు పోయినప్పుడు మాత్రం అక్కడే, బల్ల పక్కనే ఉన్నాను.

"మరి ఈ తుత్తునియలు చేసిన వీరుడు ఏంటి?" అన్నారాయన, అక్షరాలు కూడబలుక్కుంటూ.

"అచ్చుతప్పండీ," అన్నాను. పది అడుగుల అచ్చుతప్పు.

ఆయన మైకు అందుకుని ఏం చెబుతారో అని నేను బిగుసుకుపోయాను. కానీ ఆయన బక్కెట్టు గురించే చెప్పారు, అద్దం లాంటి ఉక్కు గురించీ, ఆ పగులు గురించీ. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మా ఓనరు కూడా కొట్టాడు. గిల్టు మావయ్యయితే కళ్లు తుడుచుకుంటూ, "నేను చెప్పలా? మెరుగు పెట్టినోడి విలువ మెరుగు పెట్టినోడికే తెలుస్తది" అన్నాడు. నేను ఒక్కణ్ణే ఆ హాల్లో చప్పట్లు కొట్టకుండా నిలబడ్డాను, తాతయ్యలా, వంగలేక.

ఇంటికి రాగానే స్టూలెక్కి ఫోటో దించి ఫ్రేము విప్పాను. నడుము దగ్గర ఫోటో వెనక్కి మడిచి ఉంది. మడత విప్పితే తాతయ్య కుడిచెయ్యి కిందికి వచ్చింది. ఆ చేతిలో బక్కెట్టు, అంచున వేలాడుతున్న గుడ్డ.

"నీకు తెలుసా అమ్మా?"

"మీ నాయనమ్మ మడిచిందిరా. నా పెళ్లయిన కొత్తలో చూపించింది." అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నువ్వు ఆ వీపు అట్టా పెట్టుకుని తిరుగుతుంటే చెప్పబుద్ధి కాలేదు. బాగానే ఉంది కదా చూడ్డానికి."

ఫోటోను మడత లేకుండా పెద్ద ఫ్రేము కట్టించి, మామూలు మనిషి కంటికి అందే ఎత్తున తగిలించాను. ట్యాంకు దాని కిందే ఉంది. మావయ్య ఇచ్చిన అయిదేళ్ల గ్యారెంటీ ఎప్పుడో అయిపోయింది. బందరు గాలికి పట్టా సందుల్లో చిలుం పడుతోంది. ఏ వీడియో చూడకుండా, ఏ కుంచె ముట్టకుండా ఎంత సహజంగా పడుతోందో! నేను మూడు నెలలు గది తలుపు వేసుకుని పూసినదాని కంటే బాగుంది, ఒప్పుకోక తప్పదు. తాతయ్య జీవితమంతా కడిగిన బురదను బస్సెక్కి వెళ్లి మరీ తెచ్చి పూసిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. గట్టు మీద అంత బిగుసుకుని ఇంటిపేరు చెప్పాడు, పాపం. చిలుం చూడముచ్చటగా ఉందని అలా వదిలేద్దామనే అనుకుంటాను. కానీ ఆదివారం వచ్చేసరికి చింతపండు, గుడ్డ ముక్క పట్టుకుని దాని ముందు కూలబడతాను. అరగంట తోమి లేవబోతే నడుం పట్టేస్తుంది. ఆ తర్వాత రెండు రోజులు, చూసినవాళ్లెవరైనా చెబుతారు, నా వీపు అచ్చం ఆ ఫోటోలో ఉన్నట్టే ఉంటుంది.