మునిరత్నాన్ని అడిగినారు

నా మోకాళ్ళు మొరాయించబట్టి ఈ ప్రయాణం పెట్టుకున్నాం. నాకు అరవై రెండు, తమ్ముడు మునిరత్నానికి నలభై ఆరు. మనిషి పెరిగాడు గానీ చదువు, లెక్క అబ్బలేదు. గడియారం చూడలేడు, ఒక్కడూ వీధి దాటలేడు. అమ్మ పోయిన ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు. నా తర్వాత వాడికెవరన్న దిగులుతో, వాడిలాంటి వాళ్ళుండే హోములు రెండు చూసి, నచ్చినదాంట్లో చేర్పిద్దామని బయల్దేరాను. మీలో ఎవరికైనా ఈ అవసరం పడితే పనికొస్తుందని రాస్తున్నాను.

పొద్దున ఆరున్నరకు చిత్తూరులో తిరుపతి బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి నాకు సున్నా టికెట్టు, వాడికి వికలాంగుల పాసు. కిటికీ పక్క సీటు ఇవ్వకపోతే అలుగుతాడు, అందుకని ఇచ్చేశాను. పూతలపట్టులో ఎక్కిన పెద్దావిడ, "కొండకా పోతాండేది?" అంది.

"లేదుమా, వీనికి ఉండేదానికి ఇల్లు సూడను."

"అట్లయితే ముందు వంటిల్లు సూడు. అంతా ఆడే తెలిసిపోతాది."

ఎనిమిదిన్నరకు తిరుపతిలో దిగాం. ఇడ్లీ తిని, ఆటోలో మొదటి హోముకు పోయాం. నేల మీద మెతుకు పడితే ఏరుకుని తినొచ్చు, అంత శుభ్రం. అందరికీ ఒకే రంగు చొక్కాలు, ఒకే రకం క్షవరం. ఒక్కరి గొంతూ వినపడలేదు. ఫారంలోని ప్రశ్నలన్నీ నన్నే అడిగారు, నేనే చెప్పాను. వంటిల్లు చూస్తానంటే, బయటివాళ్ళను పోనివ్వం అన్నారు. అబద్ధమెందుకు, అయినా నాకు నచ్చింది. మునిరత్నం మాత్రం చెప్పులు విప్పలేదు.

పదకొండు గంటల బస్సుకు వెనక్కి చంద్రగిరి వచ్చి, అక్కడి నుంచి షేర్ ఆటోలో రెండో చోటికి పోయాం. మామిడితోట వెనక పెద్ద మిద్దె. గేటు దగ్గరికే కేకలు వినిపించాయి. ఒక కుర్చీ కోసం ఇద్దరు పోట్లాడుకుంటున్నారు. ఇదేం సంతరా నాయనా అనుకున్నాను. హోము నడిపే రేవతి ఎదురొచ్చి, పడుకునే గది చూపించబోయి తలుపు తట్టి ఆగింది. "లోపల ఉండే ఆయన రమ్మంటేనే పోవాలక్కా" అంది. ఆయన వద్దన్నాడు. మేం పోలేదు.

ఒంటిగంటకు భోజనం. అక్కడే ఉండే దామోదరం అనే యాభై ఏళ్ళ మనిషి వడ్డిస్తున్నాడు. మా తమ్ముడి ముందు ఆగి, "సాంబారా, రసమా?" అన్నాడు.

"వానికి రసం పొయ్యప్పా" అన్నాను.

"నిన్ను కాదక్కా. ఆయప్పను అడిగినా."

మునిరత్నం ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. పక్క ఆకుల వాళ్ళు ఆకలితో కూర్చున్నా ఎవరూ తొందరపెట్టలేదు. ఆఖరికి, "సాంబారు" అన్నాడు.

భోజనాలయ్యాక దామోదరమే మళ్ళీ వచ్చి, "కాఫీనా, పాలా?" అన్నాడు. వీడికి కాఫీ పడదని అమ్మ చెప్పేది, అందుకని ఇంట్లో రెండు పూటలా పాలే. చెప్పబోయి నోరు మూసుకున్నాను. "కాఫీ" అన్నాడు వాడు, ఈసారి వెంటనే. గ్లాసు అడుగుదాకా తాగి, వేలితో నురుగు తీసి నాకాడు. నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు ప్రేమగానే చూశాను. ఒక్కసారి అడగలేదు.

రేవతి నా పక్కన కూర్చుంది. "మేమూ మొదట్లో అట్లనే ఉండినామక్కా. వద్దన్న ఉప్మానే పెడతా ఉంటే, ఈ దామోదరమే తట్ట తోసేసి మాకు నేర్పించినాడు. మీ తమ్ముణ్ణి ఒక నెల ఉండి సూడనీ. అదీ ఆయప్ప సరేనంటేనే."

ఆ వంటింటికి తలుపే లేదని వచ్చేటప్పుడు గమనించాను.

నాలుగున్నరకు చంద్రగిరిలో చిత్తూరు బస్సు దొరికింది. మొదటి హోములో శుభ్రం చూశాను, రెండోదాంట్లో మనుషుల్ని చూశాను. చూడబోయేవాళ్ళు భోజనాల వేళకు పొండి, మీ వాళ్ళను వెంట తీసుకునే పొండి.

పాకాల దాటాక, జీవితంలో మొదటిసారి వాణ్ణి అడిగాను. "మునీ, ఆడ ఉంటావా?"

వాడు కిటికీలోంచి తల తిప్పలేదు. పాకాల వెనకబడి చాలాసేపయ్యింది. నేను తొందరపెట్టలేదు.

"ఉంటా" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వూ రాక్కా. ఆడ నిన్ను కూడా అడుగుతారు."