సద్దు లేని బండి

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని కరెంటు కారు కొన్నాను. మా కళ్యాణదుర్గంలో దానికి ఛార్జింగు పెట్టే చోటు దొరకలేదు. ఇంట్లో ప్లగ్గు ఉంది కదా అనుకున్నాను. వీధిలో అందరూ ధర అడిగారు, ఎంత దూరం పోతుందని అడిగారు. మా అమ్మ ఒక్కతే బండి దగ్గర చెవి ఒగ్గి వింది.

“సద్దు లేని బండి నేనెక్కను పోరా.”

అమ్మ పుట్టి పెరిగింది ధర్మవరంలో, మగ్గాల మధ్య. వాళ్ల వీధిలో ఎవరైనా చనిపోతే మగ్గాలన్నీ ఆపేసేవాళ్లట. పట్టపగలు చప్పుడు లేకపోతే ఆమెకు ఇప్పటికీ గుండె జారుతుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. కారు ఇంటి ముందు పెట్టుకుని ఆమెను బస్సుల్లో తిప్పాల్సి వచ్చింది.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అమ్మకు గుండెనొప్పి వచ్చింది. ఇక్కడి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి వెంటనే అనంతపురం తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్సు వేరే ఊళ్లో ఉంది. రాత్రంతా కరెంటు పోయి కారుకు సగం ఛార్జింగు కూడా ఎక్కలేదు. అయినా ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టాను. ఈసారి కాదనే ఓపిక ఆమెకు లేదు.

ఊరు దాటితే రెండు వైపులా ఎండిన చేలు, వాటి మీద గాలిమరలు. వాటి రెక్కల నీడలు కారు మీదికెక్కి దిగిపోతున్నాయి. అంత కరెంటు నెత్తి మీద పుడుతోంది, నా బండిలో ఉన్నది మాత్రం చూస్తుండగానే తరిగిపోతోంది. చేరలేమేమోనని ఏసీ ఆపేసి మెల్లగా పోనిచ్చాను. ఆ కాస్త హోరు కూడా ఆగిపోయింది. రోడ్డు మీద మనిషి లేడు, మేక లేదు.

“ఆపినావా?” అంది అమ్మ.

“లేదమ్మా, పోతాండాం.”

కాసేపటికి మళ్లీ అడిగింది, ఎవరో పరాయివాణ్ని అడిగినట్టు.

“ఏమప్పా, నేను ఉండానా?”

అద్దంలో చూస్తే ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. అమ్మ పోతుందన్న భయం కన్నా, పోయిన మనిషే అడిగిందేమోనన్న భయం పట్టుకుంది.

“ఉండావమ్మా! ఉండావు!” అని అరిచాను. ఆస్పత్రి దాకా ఏదో ఒకటి అరుస్తూనే పోయాను.

అమ్మ బతికింది. స్టెంటు వేసి పంపారు.

నెల తర్వాత మళ్లీ చూపించుకోవాల్సి వచ్చినప్పుడు బస్సుకు పోదామన్నాను. “ఎందుకురా, మన బండి ఉండాది కదా,” అని తనే తలుపు తీసుకుని వెనక కూర్చుంది. ఇప్పుడు ఆమెకు ఏ భయమూ లేదు. నెలనెలా పోతున్నాం. కిటికీలోంచి చేలు చూస్తూ, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది.

ఊరు దాటాక నేనే ఉండబట్టలేను.

“అమ్మా, ఉండావా?”

“ఉండాన్లేరా, పోనీ.”

కాస్త దూరం పోయాక మళ్లీ అడుగుతాను. ఒక్కోసారి జవాబు ఆలస్యంగా వస్తుంది.