ఉత్తరం గోడ మీద ఎండ

పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా పక్క ఇంటికి పొద్దున్నుంచీ పెయింట్ వేస్తున్నారు. ఆ వాసన కిటికీలోంచి వచ్చి నా కాఫీలో పడేసరికి, చేతిలో ఫోన్ చేతిలోనే ఉండిపోయింది, స్క్రోల్ చేయడం కూడా మర్చిపోయాను. పచ్చి పెయింట్ వాసనకి కాలిన చెక్క వాసన, ఎర్ర దుమ్ము, మజ్జిగలో ఊరిన మిరపకాయల పులుపు కలిపితే, అదీ నా యూనివర్సిటీ రోజుల్లో ఈస్టర్ సెలవుల వాసన.

బెజవాడలో పుట్టి పెరిగి, పద్దెనిమిదేళ్ళకి పెర్త్ వచ్చి పడ్డాను. అమ్మతోపాటు చర్చి క్వయర్‌లో పాడిన కరుణ ఆంటీ, ఆవిడ భర్త డేవిడ్ అంకుల్ కాల్గూర్లీ దగ్గర చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళు. ఆవిడ హాస్పిటల్లో నర్సు, ఆయన గని లోపల మెకానిక్కు. సెలవులిస్తే చాలు, రైలెక్కేదాన్ని. ఊళ్ళు అయిపోయాక సిగ్నల్ పోయేది, ఫోన్‌ని కిటికీకి ఆనించి దాన్ని తిడుతూ కూర్చునేదాన్ని, ఈలోపు బయట నేల ఎర్రగా మారిపోయేది. వాళ్ళది చెక్క పలకల పాత ఇల్లు. పగలు పెనంలా కాలి, రాత్రి చల్లబడి, మధ్యలో దుమ్ముగాలి తిని తిని, దాని రంగు వేయించిన అప్పడంలా పెచ్చులు లేచిపోయింది. ఆ గాలిలో చెమట పడితే తడి కనపడేది కాదు, ఉప్పు మాత్రం మిగిలేది. బెజవాడలో వారం ఎండితే గానీ తయారవని చల్ల మిరపకాయలు అక్కడ రెండెండలకే గలగలలాడేవి, ఇంటి పక్కన ఆంటీ పళ్ళేలు ఎప్పుడూ వరసగా ఉండేవి.

ఆదివారం ప్రార్థన ఇంట్లో వాళ్ళిద్దరే చేసుకునేవాళ్ళు. క్వయర్లో ఇద్దరు పాడాల్సిన పాట ఆంటీ ఒక్కతే అటొక లైను ఇటొక లైను పాడేది. పెర్త్‌లో తెలుగు కుటుంబాలని ఎన్నిసార్లు పిలిచినా "చాలా దూరం కదక్కా" అనేవాళ్ళు. ఆ సంవత్సరం మాత్రం ఈస్టర్ తెల్లవారుజాము ప్రార్థనకి మీ ఇంటికే వస్తాం అన్నారు. ఆంటీ ఫోన్ పెట్టేసింది. తర్వాత బయటికెళ్ళి ఇంటి వైపు చూసి, "ఈ మొహం పెట్టుకుని పిలిచామేంటండీ" అంది. పైగా ఈస్టర్‌కి అందరూ తెల్లబట్టలే. పెచ్చుల నుంచి రాలే ఆ సున్నంలాంటి పొడి ఒక్క చీరకంటినా పరువు పోయినట్టే.

అందుకని మీగడ రంగు డబ్బాలు తెచ్చారు. మూడు గోడలు బాగానే అయ్యాయి. గురువారం మధ్యాహ్నానికి ఉత్తరం గోడ మిగిలింది.

"ఉత్తరం గోడకి ఎండ తగలదే స్వీటీ, అందుకే ఆఖర్న ఉంచా. చల్లగా వేసుకోవచ్చు," అన్నారు అంకుల్.

నాకూ నిజమేననిపించింది. బెజవాడలో మా ఫ్లాట్‌లో ఉత్తరం గదే చల్లన, మంచినీళ్ళ కుండ అక్కడే ఉండేది. ఆంటీ డ్యూటీలో ఉంది. పెయింట్ పడుతుందేమోనని గోడ కింద ఆవిడ పళ్ళేలు తీసి షెడ్‌లో పెట్టి మొదలుపెట్టాం. రోలర్ అలా లాగానో లేదో పెయింట్ ఆరిపోతోంది, వెనక్కి వస్తే చర్మంలా ఊడి రోలర్‌కి చుట్టుకుంటోంది, కాసేపటికి గోడంతా పూరీల్లా పొంగింది. నాకు తిక్క రేగింది. రోలర్ విసిరికొట్టి, ఇంత ఎండ పడుతోంది, అసలిది ఉత్తరం గోడేనా అని ఫోన్లో కంపాస్ తెరిచాను.

"అంకుల్, నా ఫోన్ చచ్చింది. సూర్యుడు ఉత్తరంలో ఉన్నాడంటోంది!"

"ఛ, ఇలా తే." ఆయన తన ఫోన్ తీశారు. అదీ అదే మాట. ఇద్దరం రెండు ఫోన్లు పట్టుకుని మండుటెండలో బొంగరాల్లా తిరుగుతుంటే, యూనిఫామ్‌లో లంచ్‌బాక్స్ ఊపుకుంటూ ఆంటీ వచ్చింది. గోడ చూసింది, మమ్మల్ని చూసింది, గోడ కింద చూసింది.

"నా మిరపకాయలేవి?"

"షెడ్‌లో పెట్టాం ఆంటీ."

"ఇన్నేళ్ళ నుంచీ వాటిని ఈ గోడ కిందే ఎందుకు పెడుతున్నాననుకున్నారు? ఈ దేశంలో ఎండ వచ్చేదే ఇటునుంచి! ఒక్క మాట నన్నడిగితే మీ సొమ్మేం పోయింది?"

"గనిలో ఉండేవాడికి సూర్యుడు ఎటుంటే ఏంటే," అని గొణిగారు అంకుల్.

"మరి ఈ పిల్లకేమైంది? ప్రపంచమంతా అరచేతిలోనే ఉంటుందిగా!"

మర్నాడు పొద్దున్నే గోడ గీకేద్దాం అన్నాను. "గుడ్‌ఫ్రైడే రోజు గోడ గీకుతావా? మీ అమ్మకి ఫోన్ చెయ్యనా?" అంది ఆంటీ. శుక్రవారమంతా ఉపవాసం, ప్రార్థన, కిటికీలోంచి ఆ బొబ్బలెక్కిన గోడ. నాకు కడుపులో ఆకలి, బుర్రలో మంట. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి చూస్తే, ఆంటీ కూడా కళ్ళు తెరిచి గోడ వైపే చూస్తోంది.

శనివారం తెల్లారగానే గీకడం మొదలుపెట్టాం. ఉప్పుకాగితం రుద్దడం అయ్యేసరికి ఎండ గోడెక్కేసింది. అప్పుడు ఆంటీ సూట్‌కేసు తెచ్చి పాత చీరలు బయటికి లాగింది. ఒక కొస చూరుకి, ఇంకో కొస ఎదురుగా బట్టలారేసే తీగకి కట్టి, గోడ పొడుగునా పందిరి వేసేసింది. ఆ చీరల కింద పెయింట్ వేయడం ఇప్పటికీ మర్చిపోలేను. ఊదా రంగు చీర కింద మీగడ రంగు ఊదాగా, ఆకుపచ్చ చీర కింద సముద్రంలా, కలరా ఉండల వాసన, అంకుల్ శ్రుతి లేకుండా పాడే ఈస్టర్ పాట, ఆంటీ మధ్యమధ్యలో నోట్లో పెట్టే పెరుగన్నం ముద్ద. ఈసారి పెయింట్ వెన్నలా సాగింది.

ఆఖరి మూలలో ఉండగా గాలి కొట్టి, ఓ మంగళగిరి చీర ముడి ఊడొచ్చి తడి గోడకి అతుక్కుంది. ఒలిచి చూస్తే దాని అంచు గోడ మీద అచ్చు పడిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంకుల్ రోలర్ అందుకోబోతే ఆంటీ చెయ్యి పట్టుకుంది.

"ఉంచండి. పండక్కి ఇల్లు కూడా చీర కట్టుకుంది."

తెల్లవారుజామున కార్లు వచ్చాయి. ఒక్కటి కాదు, వీధి పొడుగునా. అందరూ మల్లెపూల్లా తెల్లగా దిగుతుంటే, ఓ పిల్లాడు గోడ దగ్గర చెయ్యి వెనక్కి పెట్టుకుని "ఈజిట్ వెట్?" అన్నాడు. "ఆనుకో నాన్నా, ఇక్కడి గాలికి నిన్ననే ఆరిపోయింది," అంది ఆంటీ. మమ్మల్ని ఏడిపించిన గాలే మా పరువు కాపాడింది. ఎండ పొడ గోడ మీద పడుతుండగా పాట మొదలైంది. ఆంటీ అలవాటుగా రెండో లైను కూడా అందుకోబోయింది, వెనకనుంచి పదిమంది ఎత్తుకున్నారు. ఆవిడ ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. తర్వాత కోడి పలావు, వేయించిన చల్ల మిరపకాయలు. పిల్లలు కారానికి ఎగురుతూనే ఇంకోటి కావాలనేవాళ్ళు.

ఇప్పుడు వాళ్ళు పియారా వాటర్స్‌లో, మాకు దగ్గరలోనే ఉంటున్నారు. ఇటుకల ఇల్లు, పక్కింటి గోడ చెయ్యి చాపితే తగులుతుంది, మధ్యలో ఎండ దిగదు. మిరపకాయలు ఇండియన్ స్టోర్‌లో ప్యాకెట్ కొంటారు. మొన్న ఆంటీకి ఫోన్లో ఆ పాత ఇంటి వీధి ఫొటో చూపించాను. గోడలన్నీ బూడిద రంగు కొట్టేశారు. చీర అంచు ఉండే మూల కూడా. నాకు మళ్ళీ తిక్క రేగింది.

ఆవిడ మాత్రం కళ్ళజోడు సర్దుకుని, రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి, రంగు వైపు చూడనే లేదు. ఉత్తరం గోడ కింద ఖాళీగా ఉన్న నేలనే చాలాసేపు చూసి అంది:

"అయ్యో, అంత ఎండ ఊరికే పోతోందే!"